మన చేను కింద పైపు, మన చేతిలో లాప్‌టాప్

ఏటా మే, జూన్ నెలలొస్తే నా వాట్సాప్‌కి ఒకటే ప్రశ్న. అమలాపురం నుంచి, రాజోలు నుంచి, కొత్తపేట నుంచి. కొందరు కాలేజీ జూనియర్లు, కొందరు చుట్టాల పిల్లలు, కొందరైతే ఈ కాలమ్ చదివి ఎక్కడో నంబర్ సంపాదించినవాళ్ళు. “అన్నా, కోర్‌లో ఏమన్నా ఉందా?”

కోర్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మెకానికల్ చదివినవాళ్ళు మెషీన్ల దగ్గర, ఎలక్ట్రికల్ చదివినవాళ్ళు కరెంటు దగ్గర, కెమికల్ చదివినవాళ్ళు ప్లాంటులో పనిచేయడం. చదివినదానికి తగ్గ పని చేయడం మామూలు విషయమే కదా అనిపిస్తుంది. దానికి మనం ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకోవాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

పైగా ఈ ప్రశ్న అడిగేది ఒక సాఫ్ట్‌వేర్ వాణ్ణి, అదో తమాషా. నేను చదివింది ఈసీఈ, చేస్తున్నది కోడింగ్. కాకపోతే మా టీమ్ రాసేది ఫుడ్ డెలివరీ యాప్ కాదు. ప్లాంట్లలో సెన్సర్లు పంపే అంకెల్ని దాచిపెట్టి, వాటిని స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్. అంచేత రోజూ కోర్ వాళ్ళతోనే నా మాటలు. వాళ్ళకి ఎలాంటి కొత్తవాళ్ళు కావాలో, వస్తున్నవాళ్ళని చూసి ఎక్కడ తల పట్టుకుంటున్నారో దగ్గర్నుంచి వింటుంటా. ఈ వారం ఆ సంగతులే.

ముందు మన మ్యాప్ ఒకసారి చూడండి. అల్లవరం మండలం ఓడలరేవులో బీవీసీ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అదే ఓడలరేవులో సముద్రంలోంచి వచ్చే గ్యాస్ కోసం ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. కాకినాడ తీరానికి ముప్ఫై కిలోమీటర్లకి పైగా లోపల, లోతు నీళ్ళలో ఉన్న కేజీ 98/2 బ్లాకులో 2024 జనవరి 7న మొదటిసారి చమురు పైకొచ్చింది. ఆ బ్లాకు గ్యాస్ ఒడ్డెక్కేది ఈ ఊళ్ళోనే. ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం దగ్గర రవ్వ క్షేత్రం టెర్మినల్. తాటిపాకలో 2001 నుంచీ ఒక చిన్న రిఫైనరీ. ఏడాదికి 66 వేల టన్నులే దాని సామర్థ్యం. జామ్‌నగర్ రిఫైనరీ ఆరు కోట్ల టన్నుల పైమాట, దాని పక్కన ఇది బొమ్మలా ఉంటుంది. కానీ ముడి చమురులోంచి నాఫ్తా, కిరోసిన్, డీజిల్ ఎలా విడదీస్తారో పుస్తకంలో బొమ్మ చూసి బట్టీపట్టే కుర్రాడు, ఆ పని నిజంగా జరిగే చోటుకి సైకిల్ మీద వెళ్ళొచ్చు.

వెళ్ళేది గేటు దాకానే అనుకోండి.

ఇంతకీ మనకి ఈ ఇండస్ట్రీతో ఉన్న పరిచయం ఏమిటి? కొబ్బరితోటల మధ్య కంచె, కంచె లోపల వాల్వులు గుత్తిగా పేర్చిన బావి తల. దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, ఆ పేరు మనలో చాలామందికి తెలీదు. రాత్రిపూట దూరంగా కనిపించే మంట. చేలోంచి పైపు వెళ్ళినందుకు ఎవరికెంత ఇచ్చారన్న అరుగు కబుర్లు. ఇంకా, భయం. పాసర్లపూడి బావి మంట గురించి మన అమ్మానాన్నల్ని అడగండి. 1995 జనవరి 8న అంటుకుంది, మార్చి 15న గానీ ఆరలేదు. 65 రోజులు. నేనప్పటికి పుట్టలేదు, అయినా చిన్నప్పటి నుంచీ ఆ కథ వింటూనే పెరిగాను.

నగరం సంగతి మాత్రం మా తరానికి నేరుగా తెలుసు. 2014 జూన్ 27, తెల్లవారుజాము. నేనప్పుడు ఇంటర్‌లో ఉన్నా. మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైప్‌లైన్ పగిలింది. తాటిపాక వైపు నుంచి విజయవాడ దగ్గర కొండపల్లిలోని పవర్ ప్లాంటుకి గ్యాస్ తీసుకెళ్ళే 18 అంగుళాల లైన్ అది. ముందు గ్యాస్ పరుచుకుంది, తర్వాత అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు, గొడ్డూగోదా మాడిపోయాయి.

ఎందుకు పగిలిందన్నది ఇంజనీరింగ్ చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలని నా పట్టుదల. ఆ లైను వేసింది పొడి గ్యాస్ కోసం. దాంట్లో వెళ్ళింది తడి గ్యాస్. అంటే నీటి తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉన్న గ్యాస్. దార్లో తేమ నీళ్ళుగా మారి పైపు అడుగున చేరుతుంది. ఆ నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగితే కార్బోనిక్ ఆమ్లం. గోలీసోడాలో ఉండేది అదే. మనం తాగితే త్రేన్పు వస్తుంది, అంతే. ఉక్కు మాత్రం ఏళ్ళ తరబడి అందులో నానితే లోపలి నుంచి తినేయబడుతుంది. పైనుంచి చూసేవాడికి పైపు బాగానే కనిపిస్తుంది. గోడ పలచబడి పలచబడి ఒకరోజు ఒత్తిడికి ఆగదు.

ఇందులో సిలబస్‌లో లేనిదేమన్నా ఉందా చెప్పండి? తుప్పు ఫస్టియర్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో పాఠం. పరీక్ష ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేసి, రెండు సమీకరణాలు రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన పాఠం. డ్యూ పాయింట్, అంటే ఏ ఉష్ణోగ్రత దగ్గర తేమ నీళ్ళుగా మారుతుందన్నది, థర్మోడైనమిక్స్‌లో ఉంది. గ్యాస్‌ని గ్లైకాల్ అనే ద్రవంతో కడిగి తేమ లాగేయొచ్చన్నది కెమికల్ వాళ్ళు చదువుతారు. పైపు లోపలికి పిగ్ అనే పరికరాన్ని పంపిస్తే గ్యాస్ ఒత్తిడే దాన్ని నెట్టుకుంటూ పోతుంది, అడుగున చేరిన నీళ్ళూ మురికీ ఊడ్చేస్తుంది. సెన్సర్లున్న పిగ్ అయితే ఎక్కడ గోడ మందం ఎంత తగ్గిందో రాసుకుంటూ వెళ్తుంది. ఆ సెన్సర్లు ఈసీఈ, ఆ లెక్కలు సీఎస్ఈ.

కొత్తగా చేరిన ట్రైనీ ఒక్కడు అనుకుంటే లైను ఆగిపోదు, అది నాకూ తెలుసు. అలాంటి ప్రమాదం వెనక పై స్థాయి నిర్ణయాలు, ఖర్చులు, వాయిదాలు చాలా ఉంటాయి. కానీ ఆ నిర్ణయాలకి ముందు ఎవరో ఒకరు రీడింగ్ చూస్తారు. ఎవరో ఒకరు ఇది ఈ లైనుకి పనికిరాదని కాగితం మీద రాస్తారు, లేదా రాయరు. రాయాలంటే ఆ అంకె ఏం చెప్తోందో తెలియాలి. పైపు వెళ్ళేది మన చేను కింద, మన అత్తయ్య వాళ్ళ పెరటి వెనక. అక్కడ కూర్చునేవాడికి పని వచ్చా రాదా అన్నది వాడి ప్యాకేజీ గొడవగా వదిలేసే విషయమేనా?

మైనస్ 25

మా ఆఫీసులో జరిగిన ఒక చిన్న సంగతి. ఒక క్లయింటు ప్లాంటు నుంచి వచ్చే డేటాలో ఒక ప్రెషర్ రీడింగ్ ఉన్నట్టుండి మైనస్ 25 బార్ అని పడింది. ఒత్తిడి సున్నా కంటే తక్కువ, అదీ ఇరవై ఐదు బార్లు తక్కువ! ప్రకృతిలో అలాంటిది జరగదు. మా టీమ్‌లో ఒకరు బగ్ అన్నారు, ఒకరు ఆ వరస తీసేసి సగటు వేద్దామన్నారు. కొత్తగా చేరిన అమ్మాయి, డిప్లొమా చేసి తర్వాత బీటెక్ చదివింది, తెరవైపు చూసి ఒకే మాట అంది. “అన్నా, వైర్ తెగిందేమో కనుక్కోండి.” కనుక్కుంటే నిజంగానే తెగింది.

ఎలా చెప్పగలిగింది? ప్లాంట్లలో చాలా సెన్సర్లు తమ రీడింగ్‌ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపుతాయి. సున్నా నుంచి వంద బార్ల దాకా కొలిచే సెన్సర్ అయితే సున్నా బార్‌కి 4, యాభైకి 12, వందకి 20. మరి సున్నా దగ్గర మొదలుపెట్టకుండా నాలుగు దగ్గర ఎందుకు మొదలుపెట్టారు? నిజంగా ఒత్తిడి లేనప్పుడు 4 వస్తుంది, వైరు తెగితే 0 వస్తుంది. రెంటికీ తేడా తెలియడానికి. ఆ 0 మిల్లీ ఆంపియర్లని అదే సూత్రంలో వేస్తే వచ్చేది మైనస్ 25. కావాలంటే లెక్క వేసుకోండి.

గుజరాత్‌లో ఒక గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో పనిచేసే మా రాజోలు స్నేహితుడికి ఈ సంగతి చెప్తే పగలబడి నవ్వాడు. “ఒరేయ్, ఫ్రెషర్లని నేను అడిగే మొదటి ప్రశ్నే అది. నాలుగెందుకురా, సున్నా ఎందుకు కాదూ అని. పదిమందిలో ఇద్దరు చెప్తారు. ఎనభై శాతం మార్కులున్నవాళ్ళే ఆ మిగతా ఎనిమిదిమందీ.”

వాడు అడిగే రెండో ప్రశ్న పీ అండ్ ఐడీ. పైపులు, పరికరాల బొమ్మ అది. ప్లాంటు మొత్తం దాని మీద ఉంటుంది. గుండ్రటి గుర్తులో పీటీ అని ఉంటే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, ఎల్‌టీ అంటే లెవెల్, ఎఫ్‌టీ అంటే ఫ్లో. ఇంటి ప్లాన్ చదవలేని మేస్త్రి ఎంతో, ఇది చదవలేని ఇంజనీరు అంతే. రెండు వారాలు కూర్చుంటే వచ్చేస్తుంది, నెట్‌లో బొమ్మలు బోలెడు దొరుకుతాయి. చాలా కాలేజీల్లో ఫైనలియర్ అయిపోయినా ఒక్కటి కూడా చూపించరు. అదేం లోకమో నాకు అర్థం కాదు.

మూడోది సేఫ్టీ. హెల్మెట్ పెట్టుకుంటాం సార్ అంటే చాలదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. ఆ 5 శాతాన్ని ఎల్ఈఎల్ అంటారు. గ్యాస్ డిటెక్టర్ 20 శాతం ఎల్ఈఎల్ దగ్గర మోగిందంటే గాలిలో గ్యాస్ ఒక శాతం ఉందన్నమాట. ఇంకా సమయం ఉంది, కానీ వెల్డింగ్ ఆగిపోవాలి. ఇంకోటి, ఇంట్లో సిలిండర్ లీకైతే వాసన వస్తుంది కదా, అది గ్యాస్ వాసన కాదు, కావాలని కలిపిన రసాయనం. బావి నుంచి నేరుగా వచ్చే గ్యాస్‌లో అది ఉండదు. వాసన రాలేదు కాబట్టి ఫర్వాలేదనుకునేవాళ్ళు ప్లాంటులో పనికిరారు.

వీటితోపాటు వర్క్ పర్మిట్. ప్లాంటులో ఎవరు పడితే వాళ్ళు, ఎక్కడ పడితే అక్కడ బోల్టు విప్పరు. ఏ పని, ఎవరు, ఎంతసేపు, గ్యాస్ టెస్ట్ చేశారా, కరెంటు తీసి తాళం వేశారా అని కాగితం మీద సంతకాలు పడ్డాకే పని మొదలవుతుంది. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, ఓఐఎస్‌డీ అంటారు, దీని మీదే ఒక ప్రమాణం రాసింది. నంబరు 105. ఇంటర్వ్యూకి వెళ్ళేముందు అది ఒకసారి చదివి వెళ్ళండి. ప్యానెల్‌లో ఉన్న పెద్దాయన కళ్ళు మెరుస్తాయి, గ్యారంటీ.

గేటు దాటే దారులు

సరే, ఉద్యోగాలు ఎక్కడ? మన ఇళ్ళలో కోర్ అనగానే ఓఎన్‌జీసీ, గెయిల్, ఎన్‌టీపీసీ. వాటి ఇంజనీరు పోస్టులు గొప్పవే. ఓఎన్‌జీసీలో మొదటి మెట్టు జీతం స్కేలే 60 వేల నుంచి మొదలవుతుంది. గెయిల్, ఎన్‌టీపీసీ లాంటివి గేట్ స్కోర్ చూసి పిలుస్తుంటాయి. ఓఎన్‌జీసీ ఏళ్ళ తరబడి గేట్‌తోనే తీసుకుని, 2025 నోటిఫికేషన్‌లో మాత్రం సొంత కంప్యూటర్ పరీక్ష పెట్టింది. కాబట్టి ఏ ఏటికాయేడు నోటిఫికేషన్ చదువుకోవాలి, సీనియర్ చెప్పాడని నమ్ముకోకూడదు. ఆ 2025 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి ఉన్న పోస్టులు నూటికి కాస్త ఎక్కువ. నేను భయపెట్టడం లేదు, లెక్క చెప్తున్నా. గేట్‌కి చదవండి, తప్పకుండా చదవండి. ఆ చదువు ఎటూ పోదు. కానీ గదిలో తలుపేసుకుని మూడేళ్ళు అదొక్కటే పనిగా పెట్టుకుంటే, నాలుగో ఏడు ఇంటర్వ్యూలో “ఇన్నాళ్ళూ ఏం చేశావు బాబూ?” అన్న ప్రశ్నకి జవాబు కష్టం.

ఎవరూ పెద్దగా మాట్లాడని దారి అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టం, పాతదే. బీటెక్ అయ్యాక ఏడాదిపాటు కంపెనీలో పని నేర్చుకుంటూ స్టైపెండ్ తీసుకోవచ్చు. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్ళకి కనీసం నెలకి 9,000 అని పెట్టారు. దాంట్లో సగం కేంద్రం ఇస్తుంది. నాట్స్ అనే పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే సరి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఓఎన్‌జీసీ కూడా అప్రెంటిస్‌లని తీసుకుంటుంది, మన రాజమండ్రి, కాకినాడల్లో కూడా. ఎంపిక మార్కుల మెరిట్ మీద.

“తొమ్మిది వేలకి బీటెక్ చదివిన కుర్రాడా!” అని మా బాబాయ్ ఒకాయన కోప్పడ్డాడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తామని ఎవరూ రాసివ్వరు కూడా. కానీ అదే బాబాయ్ అదే కుర్రాడికి కోర్సు ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి హైదరాబాద్‌లో ఆర్నెల్లు ఎంత పెడుతున్నాడో లెక్కేస్తే, తొమ్మిది వేలు వచ్చే చోటుకీ, అంతకు రెట్టింపు పోయే చోటుకీ తేడా కనిపిస్తుంది. ప్లాంటులో ఏడాది ఉన్నవాడు షిఫ్టు అంటే ఏమిటో, లాగ్‌బుక్ ఎలా రాస్తారో, కంప్రెసర్ చప్పుడు మారితే ఎవర్ని లేపాలో తెలిసిన మనిషి. ప్రైవేటు కంపెనీలు, గల్ఫ్‌కి పంపే సంస్థలు అడిగేది అదే.

ఇక ఎక్కువమంది నిజంగా దొరికే పని కాంట్రాక్టర్ల కింద. మెయింటెనెన్స్, పైపింగ్, ఇన్‌స్ట్రుమెంట్ల కాలిబ్రేషన్ అన్నీ పెద్ద కంపెనీలు బయటికి ఇస్తాయి. జీతం తక్కువ, పని ఎక్కువ, నిజమే. చేరేముందు మూడు అడగండి: పీఎఫ్ కడతారా, సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తారా, వెళ్ళిపోయేటప్పుడు ఏ పని చేశానో రాసి సర్టిఫికెట్ ఇస్తారా. మూడింటికీ నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

పెట్రోలియం ఇంజనీరింగ్ తీసుకోవాలా అని ఇంటర్ పిల్లలు అడుగుతుంటారు. ఆ బ్రాంచి చరిత్ర కొంచెం వినండి. 2009 ఏప్రిల్‌లో కేజీ డీ6 గ్యాస్ మొదలైంది. మరుసటి ఏడాదికల్లా రోజుకి ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్ళింది. ఆ ఊపులో మన వైపు కాలేజీల్లో పెట్రోలియం సీట్లు వెలిశాయి. 2013 నాటికి ఆ గ్యాస్ నాలుగో వంతుకి పడిపోయింది. దాన్ని నమ్ముకున్న పవర్ ప్లాంట్లు ఖాళీగా కూర్చున్నాయి. 2014 మధ్యలో వంద డాలర్ల పైన ఉన్న పీపా చమురు 2016 మొదట్లో ముప్ఫైకి దిగింది, ప్రపంచమంతా రిగ్గులు ఆగాయి. ఆ బ్యాచిల పిల్లల్లో ఎంతమంది ఇవాళ టెస్టింగ్‌లోనో, బ్యాంకుల్లోనో ఉన్నారో నాకు తెలుసు. తర్వాత 2020 డిసెంబరులో డీ6లో కొత్త క్షేత్రం మొదలై గ్యాస్ మళ్ళీ పెరిగింది. ఈ పరిశ్రమ ఇలాగే లేస్తూ పడుతూ ఉంటుంది. విశాఖలో ఐఐపీఈ లాంటి, దానికోసమే పుట్టిన సంస్థలో సీటు వస్తే వెళ్ళండి. లేదంటే మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఏదో ఒకటి గట్టిగా చదివితే చమురు పడిపోయినా చేతిలో పని ఉంటుంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. హైడ్రోజన్ అయినా, అమ్మోనియా అయినా, మీథేన్ అయినా కంప్రెసర్ కంప్రెసరే, వాల్వు వాల్వే, పర్మిట్ పర్మిటే.

ఐస్ ఫ్యాక్టరీయే ల్యాబ్

“ప్లాంటు గేటు లోపలికి రానివ్వరు కదన్నా, ఎలా నేర్చుకోవాలి?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. రొయ్యల కోసం మన దగ్గర ఐస్ ఫ్యాక్టరీలున్నాయి. అమ్మోనియాతో నడిచే పాత పద్ధతి కంప్రెసర్లు. రిఫ్రిజరేషన్ పాఠంలో ఉన్న కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఎవాపరేటర్ నాలుగూ వరసగా కళ్ళముందే ఉంటాయి. అమ్మోనియా లీకైతే ఏమవుతుందో అక్కడి ఆపరేటర్ చెప్పినట్టు ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో కాల్చే బాయిలర్ ఉంటుంది. దానికి సేఫ్టీ వాల్వు ఎక్కడుంది, నీటి మట్టం ఎలా చూస్తున్నారు, ఊక తేమగా ఉంటే ఆవిరి ఎంత తగ్గుతోంది? చెరువుల మీద ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. ఆ మోటార్ల పవర్ ఫ్యాక్టర్ ఎంత? మిల్లుల కరెంటు బిల్లులో అది తగ్గితే వాత పడుతుంది. కెపాసిటర్ బ్యాంకు పెడితే ఎంత మిగులుతుంది?

ఇవేవీ చిన్న పనులు కావు. దేశంలో పెద్ద ఎత్తున ఇంధనం వాడే పరిశ్రమలు అర్హత ఉన్న ఎనర్జీ మేనేజర్‌ని పెట్టుకోవాలని 2001 నాటి ఇంధన పొదుపు చట్టం చెప్తోంది. ఆ మేనేజర్ చేసేది ఇంచుమించు ఇదే, పెద్ద అంకెలతో. మీ ఊరి మిల్లులో వారం రోజులు బిల్లులు, మీటర్లు చూసి రాసిన పది పేజీల రిపోర్టు, కాకినాడలో డబ్బులిచ్చి కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కంటే ఎంత బరువో ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి తెలుసు. మిల్లు ఓనర్ని మర్యాదగా అడిగితే మన గోదావరి జిల్లాల్లో కాదనేవాళ్ళు తక్కువ. “ఆయ్, రండి బాబూ, చూసుకోండి” అని టీ కూడా ఇప్పిస్తారు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, బిల్లు తగ్గే దారి కనిపిస్తే ముందు ఆయనకి చెప్పండి, తర్వాత రిపోర్టులో రాయండి.

కోడింగ్ వచ్చినవాళ్ళకి ఇక్కడ ఇంకో కిటికీ ఉంది. ప్లాంట్లలో యంత్రాలు మాట్లాడుకునే మోడ్‌బస్ అనే భాష 1979లో పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. పీఎల్‌సీ ప్రోగ్రామింగ్‌కి ఉచిత సిమ్యులేటర్లు ఉన్నాయి. కాస్త పైథాన్, కాస్త పీఎల్‌సీ, పీ అండ్ ఐడీ చదవడం వచ్చిన మనిషి దొరక్క మా కంపెనీలాంటివి నెలలు నెలలు వెతుకుతుంటాయి. పైథాన్ ఒక్కటే వచ్చినవాళ్ళ రెజ్యూమేలు మాత్రం గుట్టలు.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. నాకు మెసేజ్ పెట్టేవాళ్ళలో సగం మంది వాళ్ళే, ఇళ్ళలో ఎక్కువ అడ్డం కూడా వాళ్ళకే. “ఆడపిల్లకి ప్లాంటు ఏంటి, ఏసీలో కూర్చునే ఉద్యోగం చూసుకో” అంటారు. చమురు బావులు చట్టం దృష్టిలో గనుల కిందకే వస్తాయి. 1952 నాటి గనుల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్ళకి అక్కడ పని వద్దంది. 2019లో ఆ నిబంధన సడలించారు. వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, తగిన భద్రతతో, భూమిపైన జరిగే పనుల్లో రాత్రి షిఫ్టు చేయొచ్చు. కాబట్టి చట్టం ఒప్పుకోదని ఎవరైనా అంటే ఆ మాట పాతబడింది. ఇంట్లో ఒప్పించడం వేరే పరీక్ష, దానికి నా దగ్గర గైడు లేదు. కంట్రోల్ రూమ్‌కి కూడా ఏసీ ఉంటుందని చెప్పి చూడండి. అబద్ధం కాదు, కంప్యూటర్ల కోసమైనా పెడతారు.

జీతాల మాట కూడా దాచకుండా చెప్పేస్తా. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో గుంపుగా తీసుకునే ఫ్రెషర్‌కి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కల. కోర్‌లో ప్రైవేటు కంపెనీలో మొదలు అంతకంటే తక్కువ ఉండొచ్చు, ఊరికి దూరంగా, షిఫ్టుల్లో, దుమ్ములో. ఐదారేళ్ళు అనుభవం వచ్చాక కోర్ వాడి విలువ పెరుగుతుంది, గల్ఫ్ తలుపులు తెరుచుకుంటాయి. కానీ ఆ మొదటి మూడేళ్ళు ఇంట్లో ఈఎంఐ ఉన్నవాళ్ళకి నరకం. అప్పులున్న ఇంటి పిల్లలు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తే నేను తప్పు పట్టను. వీలున్నవాళ్ళు కూడా ఏమీ చూడకుండా అటే పరిగెత్తడం మాత్రం నాకు నచ్చదు.

కాలేజీలకి ఒక మనవి. ఇండస్ట్రియల్ విజిట్ అంటే ఊటీ వెళ్ళి దార్లో ఒక ఫ్యాక్టరీ ముందు గ్రూప్ ఫోటో దిగడం కాదండీ. మన జిల్లాలో ఉన్న ప్లాంట్లకి ఉత్తరం రాసి, నెలల ముందు అనుమతి తెచ్చి, పాతికమందినైనా లోపలికి తీసుకెళ్ళండి. రిటైరై అమలాపురంలోనో రాజమండ్రిలోనో స్థిరపడిన ఫీల్డు ఇంజనీర్లున్నారు. నెలకో గంట వచ్చి మాట్లాడమంటే సంతోషంగా వస్తారు. వాళ్ళు చెప్పే ఒక్క బావి కథలో ఒక సెమిస్టరు పాఠం ఉంటుంది.

అలా ఎప్పుడైనా అవకాశం వచ్చి ప్లాంటు చూడ్డానికి వెళ్తుంటే: నూలు బట్టలు వేసుకోండి, నైలాన్, పాలిస్టర్ వద్దు, స్థిర విద్యుత్తు పుడుతుంది. చెప్పులు వద్దు, బూట్లు. చిన్న నోటుబుక్కు, పెన్ను తప్పనిసరి, ఎందుకంటే గ్యాస్ ఉండే చోట మామూలు ఫోన్ కూడా నిప్పురవ్వ లెక్కే. దాన్ని గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు తీసుకుని టోకెన్ ఇస్తారు. రీల్స్ ఉండవు. లోపల చూసింది చేత్తోనే గీసుకోవాలి.